డాక్టరు మెచ్చుకోవాలని వేసుకునే మాత్ర

తాతయ్యా, కాలేజీ బస్సుకి టైమైంది, వెళ్తున్నా. ఇడ్లీలు గిన్నెలో ఉన్నాయి. పచ్చడిలో ఉప్పు తగ్గించాను, తిట్టుకోకుండా తిను. తిన్నాక బీపీ మాత్ర ఒక్కటే వేసుకో. రేపు నరసరావుపేటలో డాక్టరు మెచ్చుకోవాలని ఇవాళ రెండు మింగొద్దు. చూపించుకోబోయే ముందు మాత్రమే వేసుకుంటున్నావని నాకు తెలుసు. "తల తిరగనప్పుడు మాత్ర ఏందే?" అంటావు. తల తిరక్కపోయినా బీపీ లోపల్లోపలే మెదడుని దెబ్బతీస్తుందని, మతిమరుపు రావొచ్చని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. రేపు డాక్టరుకి నిజం నువ్వే చెప్పు.

మొన్న ఇంటికొస్తూ మన సందు దాటి ముందుకెళ్ళిపోయావు. నీ వెనకే వస్తున్న నేను నిన్ను పిలవలేదు. కాసేపటికి నువ్వే తిరిగొచ్చి, షోడా తాగడానికి వెళ్ళానన్నావు.

సుభాషిణి

షోడా కొట్టు మన సందు కంటే ముందే వస్తుంది తాతయ్యా. అది కూడా రేపు చెబుదాం, పక్కన నేనుంటా.