లిస్టు అయిపోయాకే అన్నం

ఎల్.బి.నగర్, శుక్రవారం

మా చర్చి సంఘానికి ప్రార్థన యాప్ చేసిచ్చిన శ్రీకర్ సారుకు, మల్లమ్మ వందనాలు.

యాప్‌ల అడ్రసు చూసి రాస్తున్న. నేను దవాఖానల ఆయాగ చేసి రిటైరైన, ఒక్కదాన్నే ఉంట. శుక్రవారం ఉపవాసముండి, లిస్టుల ఉన్నోళ్ళందరి కోసం ప్రార్థన చేసినంకనే అన్నం తింట. ఇదివరకు మా సంఘంల ఉండే హెప్సిబా లిస్టు కాయితం తెచ్చి ఇస్తుండె, పన్నెండుకల్ల అయిపోతుండె. ఇప్పుడు వేలితోటి ఎంత జరిపినా కింద ఇంకొకరు ఒస్తనే ఉన్నరు. సాయంత్రం నాలుగైంది. గీ లిస్టుకు చివర ఏడున్నది సారూ?

ఇట్లు, ఆకలితోటి,
మల్లమ్మ

తా.క.: మన సంఘంల మోకాళ్ళ నొప్పులు ఇంతమందికి ఉన్నయని నాకు తెల్వదు.

దిల్‌సుఖ్‌నగర్, బుధవారం

మల్లమ్మగారికి నమస్కారాలు.

దీన్ని ఇన్ఫినిట్ స్క్రోల్ అంటారండి. మీరు కిందికి జరుపుతుంటే తర్వాతి పేజీ దానంతటదే వస్తుంది. చివర కనిపించకపోవడమే ఇందులో సౌకర్యం. మీకు ఓపికున్నంతసేపు చూసి ఆపేయొచ్చు.

ఉంటాను,
శ్రీకర్

తా.క.: దయచేసి ముందు భోంచేయండి.

ఎల్.బి.నగర్, మళ్ళ శుక్రవారం

శ్రీకర్ బిడ్డకు మల్లమ్మ రాసేది.

ఆపమంటే ఎవరి దగ్గర ఆపాలె? ఆపరేషనోళ్ళ దగ్గరనా, ఇంటర్ తప్పినోళ్ళ దగ్గరనా? యాప్‌ల పేర్లుండవు, కష్టమే ఉంటది. ఎవరి కష్టం చిన్నదో నువ్వే చెప్పు. చీకటిపడ్డంక కళ్ళు తిరిగితే రెండు బిస్కెట్లు తిన్న. దేవుడు ఏమనుకున్నడో.

నీరసంతోటి,
మల్లమ్మ

తా.క.: దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల ఉంట, మాట్లాడెటందుకు ఎవరూ లేరు అని పదకొండు మంది రాసిన్రు. పదకొండు మంది ఒక్కతాన ఉండి ఒకరితోటి ఒకరు మాట్లాడుకోరా? జర వాళ్ళ వార్డెనుకు చెప్పు.

దిల్‌సుఖ్‌నగర్, మంగళవారం

మల్లమ్మగారికి, క్షమాపణలతో.

తప్పు నాదే. లిస్టులో ఉన్నది పంతొమ్మిదే. చివరికి రాగానే ఆగమని నేను యాప్‌కి చెప్పలేదు. అది మళ్ళీ మొదటి పేజీనే తెచ్చి చూపిస్తోంది. మీరు అదే మోకాళ్ళకి పదకొండుసార్లు ప్రార్థన చేశారు. ఇప్పుడు సరిచేశాను. చివర 'ఇక్కడితో అయిపోయింది' అని వస్తుంది.

ఇట్లు,
శ్రీకర్

తా.క.: ఆ హాస్టల్‌ది యాప్ పరీక్షించడానికి నేను ఉత్తినే టైపు చేసింది. తీసేశాను. ఇక పద్దెనిమిదే.

ఎల్.బి.నగర్, శుక్రవారం

బిడ్డా శ్రీకర్,

పదకొండున్నరకే అయిపోయింది. అన్నం తిన్న, గిన్నెలు తోముకున్న. ఇంక ఏం చెయ్యాల్నో తెల్వక గీ ఉత్తరం రాస్తున్న. కాయితం ఉన్నప్పుడు హెప్సిబా ఒచ్చి గంటసేపు కూసుంటుండె. యాప్ ఒచ్చినంక ఆమెకు రావాల్సిన పని లేదు. లిస్టు అయితలేదని నిన్ను తిట్టుకున్నగని, గంతసేపు మందితోటి ఉన్నట్టుండె. మళ్ళ ఎప్పటిలెక్క చెయ్యరాదు?

పొద్దు పోనిది,
మల్లమ్మ

తా.క.: ఉత్తినే రాసేటోడివి తలనొప్పి అని రాయొచ్చు, జొరం అని రాయొచ్చు. గట్లెందుకు రాసినవు బిడ్డా?

దిల్‌సుఖ్‌నగర్, సోమవారం

అమ్మా,

మళ్ళీ పాడుచేస్తే మీరు బిస్కెట్లతోనే ఉంటారు, కాబట్టి చెయ్యను. కానీ లిస్టు చివర ఆ హాస్టల్‌ది తిరిగి పెట్టాను, ఈసారి నా పేరుతో. మా ఇంట్లో ఎవరం చర్చికి వెళ్ళం, రాయొచ్చో లేదో అని అప్పుడు ఉత్తినే రాశానన్నాను. శుక్రవారం సెలవు పెట్టి పన్నెండింటికి మీ ఇంటికి వస్తాను. లిస్టు అయిపోయాక ఇద్దరం తిందాం.

మీ,
శ్రీకర్

తా.క.: పదకొండు మందికి వండకండి. వచ్చేది నేనొక్కణ్ణే.