నరం పోయిన కబురు

చింతపల్లి

నరసమ్మప్పా, నేను బాగానే ఉన్నాను, హడిలిపోకు. ఫోన్లో చెబితే నవ్వేస్తావని కార్డు రాస్తున్నాను.

సోమవారం పాడేరులో కుడి దవడ పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నాను, పంటిలో నరం తీసేశారు. ఇంజక్షన్‌కి మూతి మొద్దుబారిపోయింది. జీపు దిగగానే పక్కింటి చిలకమ్మ “ఏటైందమ్మా?” అంటే “నరం పోయింది” అన్నాను. ఆ నోటికి అది “నరసమ్మ పోయింది” అని వినబడింది. ఎప్పుడూ నీ కబుర్లే చెప్తుంటాను కదా! చావు కబురొచ్చిన ఇంట పొయ్యి రాజెయ్యకూడదని కాసేపటికే వీధి వీధంతా చోడిపిండి అంబలి పట్టుకొచ్చి నా చుట్టూ కూచుంది. వేడివీ గట్టివీ వద్దన్నాడు డాక్టరు. ఆ అంబలి చల్లగా హాయిగా దిగింది. బదిలీ మీద ఈ కొండెక్కాక నా పక్కన ఇంతసేపు ఎవరూ కూచోలేదప్పా. ఏడుపొచ్చేసింది. నీకోసమే అనుకున్నారు. మూతికి తిమ్మిరి వదిలాక కూడా నిజం చెప్పబుద్ధి కాలేదు.

రోజూ గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాను, ఎడంపక్కే నములుతున్నాను. పంటికి క్యాప్ ఇంకా వెయ్యాలి. అందాకా జంతికలు పంపకు, మెత్తటి అరిసెలైతే సరే. నీ గుంటకి జ్వరం తగ్గిందా? పెరట్లో అరటిగెల కోసేరా, కోతులకే వదిలేసేరా?

బావకి దండాలు, గుంటకి ముద్దులు. చచ్చిపోయావంటే వీధంతా వచ్చింది. బతికున్నదానివి, నువ్వొకసారి రాకూడదా?

నీ చెల్లి,
పారమ్మ