ఒకటో సాక్షి చిరునామా

ప్రియమైన అక్కకి,

ఫోను వాడటం మానేశాను, అందుకే ఉత్తరం. నిన్న కళ్లజోళ్ల దుకాణంలో పని ముగించుకుని వచ్చేసరికి వాడు మా వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. నా చేతి మీద కత్తి దించినవాడే. బెయిలు మీద బయటికొచ్చాడని నాకెవరూ చెప్పలేదు. దగ్గరికి రాలేదు. "ఇల్లు బావుంది, గాలి బాగా వస్తుందా?" అని అడిగి వెళ్లిపోయాడు.

ఈ ఊరొచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఈ ఇల్లు తెలిసింది నీకు, పోలీసులకు, నాతో ఉంటున్న నర్సుకు. అంతే. నువ్వు నా కేసు నడుస్తున్న కోర్టులోనే టైపిస్టువి కదా, వాడికెలా తెలిసిందో కాస్త కనుక్కో. కుట్లు విప్పినా వేళ్లు ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు.

నీ చిట్టి

చిట్టి తల్లీ,

ఒంటరిగా తిరగకు. స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకో. ఇల్లు వెంటనే మారు. కనుక్కుంటాను. కోర్టులో పని ఊపిరి సలపనివ్వడం లేదు, ఇంతకంటే రాయలేను.

అక్క

అక్కా,

మూడు వారాలైంది, నీ దగ్గర్నుంచి మళ్లీ ఒక్క ముక్క లేదు. ఇల్లు మారాను. ఎక్కడికో కాగితం మీద పెట్టాలంటే భయంగా ఉంది, జవాబు దుకాణానికి రాయి.

వచ్చేముందు నర్సును నిలదీశాను. "నీకు రోజూ కట్టు మార్చినదాన్ని, నేనే వాణ్ణి నీ మీదికి పంపిస్తానా?" అంది. నమ్మలేదు. అప్పట్నుంచి మా మధ్య మాటలు లేవు.

పదిహేనో తారీఖున సాక్ష్యం చెప్పాలని స్టేషన్‌కి పిలిచి సమన్లు ఇచ్చారు. కిందటి వాయిదాకి కోర్టు వరండాలో ఒకటే బెంచీ. ఆ చివర వాడి అన్నదమ్ములు, ఈ చివర నేను. కేసు పిలిచేసరికి మూడు గంటలు పట్టింది. నేను రాను అక్కా. వాడే గెలిచాడనుకోనీ.

చిట్టి

ప్రియమైన చిట్టీ,

నర్సును ఏమీ అనకు. నీ చిరునామా వాడికి చేరింది నా చేతుల మీదుగానే.

నిందితుడి వకీలుకి సాక్షుల జాబితా ఇవ్వాలి, ఇంటి నంబరుతో సహా. ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. ఒకటో సాక్షిగా నీ పేరు, పక్కనే నీ ఇంటి నంబరు చూశాను. పద్దెనిమిదేళ్లుగా ఎందరి ఇళ్లో అలాగే టైపు చేశాను. రూలు కదా అని నీదీ కొట్టేశాను. నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది. చెప్పడానికి నోరు రాలేదు.

మొన్న జడ్జిగారి గదికి వెళ్లి అంతా చెప్పాను. "రూలు ప్రకారమే చేశారు కదమ్మా" అన్నారు.

"ఆ రూలు ప్రకారమే వాడు మా చెల్లి ఇంటిదాకా వెళ్లాడండీ."

"సాక్షి ఎవరో తెలియకపోతే వాళ్ల వకీలు ఏమని ప్రశ్నిస్తాడు?"

"ఎవరో తెలియనివ్వండి. ఏ ఇంట్లో పడుకుంటుందో ఎందుకండీ?"

ఆయన ఆ జాబితా తెప్పించుకుని చదివారు. సాయంత్రానికి ఉత్తర్వు ఇచ్చారు. ఇకపై ఈ కోర్టులో బాధితుల చిరునామా సీలు వేసిన కవరులో ఆయన దగ్గరే ఉంటుంది. వాళ్లకి వేరే గది, వేరే దారి. బెయిలు మాట వస్తే ముందు వాళ్లకి కబురు. అసలు రూలే మార్చమని పైకోర్టుకి రాసిన లేఖ నా చేతే టైపు చేయించారు. సొంత చెల్లెలి కేసు కాగితాలు ముట్టుకున్నందుకు మెమో ఇచ్చి, నన్ను వేరే విభాగానికి పంపారు. అది సబబే.

రమ్మని అడిగే మొహం నాకు లేదు.

అక్క

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చింపబోయాను. ముందు నర్సు దగ్గరికి వెళ్లాను. ఏమీ అడక్కుండా నా చెయ్యి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూసింది. అక్కడే ఏడ్చాను.

పదిహేనో తారీఖున కోర్టుకి వచ్చాను, నీకు చెప్పలేదు. ఒక మహిళా కానిస్టేబులు నన్ను వెనక గేటు నుంచి లోపలికి తీసుకెళ్లింది. తెర చాటున కూర్చుని చెప్పాను. వాడి వకీలు గంటసేపు అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పాను. వాడు మా వీధికొచ్చిన సంగతి కూడా విని, జడ్జిగారు బెయిలు రద్దు చేశారు.

నీ మీద కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో తెలియదు. దుకాణం మానేశాను. ఇప్పుడెక్కడ ఉంటున్నానో నీకు కూడా చెప్పను. ఉత్తరాలు మాత్రం రాయి. జడ్జిగారి ఆఫీసులో ఇస్తే, వాళ్లే నాకు చేరుస్తారు.

నీ చిట్టి