రెండో నంబరు డిస్క్

శంషాబాద్,
19 నవంబర్ 2025

స్వర్ణలత అక్కకు,

తహ్రీమ్ సలాము చేసి రాస్తున్న ఉత్తరం. మీరూ, అమ్మగారూ క్షేమమని అనుకుంటున్నాను. ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. అందుకే మంఖాల్ చిరునామాకు పోస్టులో పంపుతున్నాను.

ముందు అసలు సంగతి. ఫొటోలు దొరికాయి అక్కా. ఎనిమిదేళ్లుగా మన కంటి దవాఖానలో తీసిన కంటి లోపలి ఫొటోలన్నీ, ఒక్కటీ పోకుండా తిరిగొచ్చాయి.

మీరు వెళ్లాక పది రోజులు ఫొటోలు దాచే ఆ డిస్కుల పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. డాక్టర్ ప్రసన్నలక్ష్మిగారు గదికి తాళం వేయించారు. మొన్న సోమవారం రావిర్యాల నుంచి సఖావత్ భాయ్ వచ్చారు. పాడైన డిస్కుల్లోంచి డేటా తీయడమే ఆయన పని. ఏం జరిగిందో చెప్పమన్నారు. మీరు నేర్పిన మాటల్లోనే చెప్పాను. మనది డిస్క్ అర్రే అనీ, నాలుగు డిస్కులు కలిసి ఒకే పెద్ద డిస్కులా నడుస్తాయనీ, ఫొటోల ముక్కలతో పాటు పారిటీ అనే లెక్క కూడా వాటిలో ఉంటుందనీ, అందువల్ల ఒకటి పాడైతే మిగతా మూడింటి నుంచి దానిలోది తిరిగి కట్టుకోవచ్చనీ, రెండు పోతే మాత్రం ఏదీ తెరుచుకోదనీ. ఆ రోజు రెండో నంబరు డిస్క్ పాడైందని స్క్రీన్ మీద వచ్చింది. మిషను సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి అది మూడో అరలోది. ఎవరో ఒకటి నుంచి లెక్కపెట్టి, రెండో అరలో ఉన్న మంచి డిస్కును లాగేశారు. దాంతో రెండు పోయినట్టయింది.

సఖావత్ భాయ్ విని, "జర సబర్ చెయ్యి బేటీ. తీసిన డిస్క్ ఖరాబ్ కాలే. మిషనుకు అది తనదని యాదికొస్తలేదు, అంతే" అన్నారు. ముందు మంచి డిస్కులు మూడింటికీ నకళ్లు తీశారు. ఆ తర్వాతే లాగేసిన దాన్ని దాని అరలో పెట్టి, మిషను గుర్తుపట్టేలా చేశారు. పాడైనదాని చోట కొత్త డిస్క్ పెట్టగానే రీబిల్డ్ మొదలైంది. పోయినదంతా లెక్కకట్టి కొత్తదానిలో నింపుకుంటూ, మర్నాడు పొద్దున తొమ్మిదికి నూరు శాతం చూపించింది.

అర్రే ఉంది కదా అని బ్యాకప్ మానొద్దని ఆయన కూడా చెప్పారు. మీరు రెండేళ్లుగా అడుగుతున్న బ్యాకప్ పెట్టె ఈ వారమే వస్తోంది. వేరే భవనంలో పెడతారట.

తొండుపల్లిలో టమాటా పండించే కుర్మయ్య గుర్తున్నాడా? ఎడమ కంట్లో మచ్చ పెరిగిందో లేదో చూడాలంటే పాత ఫొటో కావాలి. అది లేక ఈ పది రోజుల్లో రెండుసార్లు ఉత్తిగానే తిరిగిపోయాడు. నిన్న డాక్టరమ్మ పాతదీ కొత్తదీ పక్కపక్కన తెరిచి, మచ్చ పెరగలేదు, ఇంజెక్షన్ వద్దని చెప్పారు. కుర్మయ్య స్క్రీన్ దగ్గరికి వంగి, "గిదేనా నా కన్ను? గింత ఎర్రగుంటదా" అని అడిగి, నవ్వుకుంటూ పోయాడు.

అమ్మగారికి నా సలాములు.

మీ
తహ్రీమ్

తా.క. తెల్లవారుజామున రాసి కవరులో పెట్టిన ఉత్తరం మళ్లీ తీశాను. "ఎవరో" అని రాశాను. ఎవరో కాదు, నేను. మీరు భోజనానికి వెళ్తూ తాళంచెవి నాకిచ్చి, ఏదీ ముట్టుకోవద్దన్నారు. మీరొచ్చేలోపు బాగుచేసి చూపించాలనుకున్నాను. ఆ సంగతి మీకు తెలుసు. అయినా డాక్టరమ్మ ముందు నా పేరు చెప్పలేదు. "తాళంచెయ్యి నా దగ్గరుంటది మేడం, జవాబు నేనే చెప్పాలె" అన్నారు. నేను పక్కనే నిలబడి నేల చూశాను. మీరు ఉద్యోగం మానేసి వెళ్తుంటే గేటు దాకా కూడా రాలేదు.

ఇవాళ పొద్దున డాక్టరమ్మకు అంతా చెప్పి, రాసి సంతకం పెట్టాను. ఫొటోలు రాకముందే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగారు. భయమన్నాను. మూడు నెలలు ఆ గదిలోకి రావద్దని నన్ను రిసెప్షన్‌లో వేశారు. మీ రాజీనామా కాగితం మాత్రం నా ముందే చించేశారు. వచ్చే సోమవారం స్వయంగా మీ ఇంటికి వస్తారట. మీరు ఆమెను ఏమైనా అనండి, నన్నూ అనండి.

మధ్యాహ్నం అమ్మీ ఖట్టీ దాల్ చేసింది. పన్నెండు రోజుల తర్వాత ఇవాళే మారు అన్నం పెట్టించుకున్నాను.