ఆడుడా, ఆడడా

నాచారం,
14 జూన్ 2014.

విశ్వనాథం అన్నకు,

నాచారం నుంచి బిక్షపతి దండం పెట్టి రాసేది. ఇక్కడ మేమంత మంచిగున్నం. తెనాలిల నువ్వు, త్రివేణి వదిన సల్లగున్నరని తలుస్త. మంచిగున్నమని రాసుడు రివాజు గాబట్టి రాసిన గని, నా మనసేం మంచిగ లేదు. పద్దెనిమిదేండ్లు పేపర్ల మీ దిక్కు భాషనే రాసిన. ఈ ఒక్క ఉత్తరమన్న నా మాటల రాస్త, తప్పులు దిద్దకు.

మనం మాట్లాడక మూడేండ్లాయె. నీ నంబరు ఉన్నది గని, ఫోన్ చేసే మొకం లేక కాయితం పట్టుకున్న. ముందుగాల చెడ్డ కబురు చెప్తున్న. మా గల్లీ బుచ్చిరాములు అన్న సచ్చిపోయిండు. అదే, బౌలర్ రంజిత్ వాళ్ల నాయిన. ఆరు దినాలాయె. ఫ్యాక్టరీల డ్యూటీ దిగి ఇంటికొచ్చి, ఛాతిల నొప్పని కూసున్నడట. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది. కొత్త రాష్ట్రమొచ్చిందని గల్లీ అంత మిఠాయి పంచిన మనిషి, వారం తిరక్కముందే పాడెక్కిండు.

అప్పటి సంది మనం గల్సి పనిజేసిన దినాలే యాదికొస్తున్నయి. ఉప్పల్ల స్టేడియం కొత్తగ కట్టిన్రు, హైదరాబాద్‌కు సొంత క్రికెట్ టీం వచ్చింది, ఆ టీం వార్తలు రాయనీకి దాని ఎనక నన్ను ఏసిన్రు. ఓడితే తిట్టుకుంట, గెలిస్తే ఎగురుకుంట తిరిగిన. నాకు కంప్యూటర్ కొట్టరాదు. స్టేడియంకాడ నుంచి ఫోన్ల నేను చెప్పుడు, డెస్క్‌ల కూసొని నువ్వు రాసుడు. అన్నా అనుకుంటనే నిన్ను నువ్వు అంటుంటే, వీనికి మర్యాద తెల్వదని మొదట్ల మొకం గంటు పెట్టుకున్నవు. మా దిక్కు తల్లినైనా దేవుణ్ణైనా నువ్వే అంటమని చెప్తే పడిపడి నవ్వినవు. ఆ దినం సంది నేను నీకు తమ్ముణ్ణయిన. నా వంకర మాటలు నువ్వు సాపు జేస్తే, పేరు నాకొచ్చేది. బిక్షపతి రాసిండంటే పక్కా అని ఛాయ్ హోటల్ల మా గల్లీవాళ్లు అంటుంటే, నేను మీసం మెలేసేటోణ్ణి.

గా పేరే కొంప ముంచింది. 2011 ఏప్రిల్ సంగతి నీకు చెప్పే పనిలేదు గని, మనసాగక రాస్తున్న. రంజిత్‌కు అది మొదటి మ్యాచ్. టీంల ఎవరు ఆడేది బైట చెప్పొద్దని వాళ్లకు కట్టడి ఉండె. గందుకే పోరడు తండ్రి చేతిల పాసు పెట్టి, రా నాయినా అన్నడు, గంతే. బుచ్చిరాములు అన్న లీవు పెట్టిండు, కొత్త అంగీ కుట్టిచ్చుకున్నడు. తెల్లారి పేపర్ల నా పేరు కింద ‘రంజిత్ ఆడడు’ అని అచ్చయింది. పిలగాడు బైట కూసునేది సూడనీకి లీవెందుకు దండుగ అని, అన్న అంగీ ఇప్పి ఖాకీ ఏసుకొని డ్యూటీకి పోయిండు. ఆడ రంజిత్ నాలుగు ఓవర్లేసి మూడు వికెట్లు దీసిండు. తీసిన ప్రతిసారి తండ్రి కుర్చీ దిక్కు చెయ్యెత్తిండు, కుర్చీ ఖాళీ. రెండో మ్యాచ్ రాకముందే భుజం పోయింది, మల్ల ఆ టీంకు ఆడనేలేదు. బుచ్చిరాములు అన్న సూడాల్సిన మ్యాచ్ గదొక్కటే అన్నా.

ఆఫీసుల ఎంత గడబిడయిందో నీకెరుకే. నేను ఫోన్ల ‘ఆడుడే’ అన్న, అంటే తప్పకుండ ఆడతడని, డెస్క్‌ల అది ‘ఆడడే’ అని ఇన్నరని ఎడిటర్‌కు చెప్పిన. అసలే ఉద్యమం మంట మీదున్న దినాలు. మా మాట రానోళ్లు మా రాతలు దిద్దుతరా అని మావాళ్లు లేసిన్రు. నిన్ను ఆటల పేజీ నుంచి తీసి మార్కెట్ ధరల పేజీకి ఏసిన్రు. నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పలే. మీ మాట నాకింకా పట్టుబడలేదేమో, పొరపాటు నాదేనేమో అన్నవు. అంతటితోని ఊకున్నవా, నా ఎంబడి మా గల్లీకొచ్చి బుచ్చిరాములు అన్న ముందట చేతులు జోడిచ్చినవు. ఆయన నీ చేతులు పట్టుకొని, మాట తేడాకు ఎవరేం జేస్తరు సారూ, మనసుల పెట్టుకోకు అన్నడు. లోపటికి పిల్చి ఛాయ్ తాపిచ్చిండు. నేను గోడ దిక్కు సూసుకుంట నిలబడ్డ. రెండు నెలలకు నువ్వు కొలువిడిసి తెనాలికి పోయినవు. బస్సెక్కియ్యనీకి గూడ నేను రాలే.

సావుకాడ రంజిత్ నా మీద పడి ఏడ్సిండు. ఆ ఆంధ్ర సారు మంచోడు, ఎట్లున్నడో అని మా నాయిన ఎన్నిసార్లు అడిగిండో, ఆయనకు కబురు చెప్పు కాకా అన్నడు. గందుకే ఈ ఉత్తరం. నేను గూడ నిన్న కొలువిడిసిన. వదినకు నా దండాలు చెప్పు.

నీ తమ్ముడని చెప్పుకోనీకి సిగ్గుపడుతున్న,
బిక్షపతి

తా.క.: పైన రాయనీకి చెయ్యి రాలే అన్నా. మ్యాచ్‌కు ముందటి దినం నేను ప్రాక్టీసు సూడనీకి పోనేలేదు. మల్కాజిగిరిల మా తోడల్లుని ఇంట్ల పుట్టువెంట్రుకల దావత్‌ల ఉన్న. రంజిత్ భుజం పట్టుకున్నడని ఎవరో అంటే, గదే నీకు ఫోన్ల చెప్పిన. నువ్వు రెండుసార్లడిగినవు, ఆడుడా, ఆడడా, సరిగ్గ చెప్పు తమ్ముడూ అని. ‘ఆడడు, రాస్కో’ అన్న. నువ్వు సరిగ్గనే ఇన్నవు, సరిగ్గనే రాసినవు. నా కొలువు పోతదని భయపడి, నా తల్లి భాషను అడ్డం పెట్టుకొని నీ నోట్ల మన్ను గొట్టిన.

నిన్న ఎడిటర్‌కు ఉన్నదున్నట్టు రాసిచ్చిన. రంజిత్‌కు గూడ చెప్పిన. తిట్టలే, కొట్టలే. మా నాయిన బతికున్నప్పుడు ఎందుకు చెప్పకపోతివి కాకా అని ఒక్కటే అడిగి లోపటికి పోయిండు. బుచ్చిరాములు అన్న మాఫ్ జేసింది నిన్ను, ఏ తప్పూ చెయ్యనోణ్ణి. నన్ను మాఫ్ జెయ్యనీకి ఆయన లేడు.