తొమ్మిదో బడి

ప్రియమైన హెడ్మాస్టరమ్మకి,

నీ మోకాలు ఎలా ఉంది? నన్ను మళ్లీ ఒక కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. ఇది పన్నెండోది. నగరంలో ఏ బడి ఎక్కడుండాలో తేల్చమన్నారు. రాజనీతిశాస్త్రం చదువుకుని ముప్పయ్యేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. వీధి వీధీ తిరగడం, పిల్లల్ని లెక్కపెట్టడం, నివేదిక రాయడం. అధికారులేమో దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం. మొన్న ఒక ఆఫీసులో నా ఏడో నివేదిక ఊగే బల్ల కాలికింద కనిపించింది. బల్ల మాత్రం ఇప్పుడు ఊగడం లేదు.

ఈసారి నిజంగానే అమలు చేస్తారట. ఒకటి రెండు గదుల్లో అయిదు తరగతులు నడిపే చిన్న బడుల్ని మూసి, దగ్గర్లోని పెద్ద బడిలో కలపాలి. తరగతికో టీచరు ఉండాలి. నా పుస్తకంలో నేను మొత్తుకున్నదీ అదే. జాబితాలో తొమ్మిది బడులున్నాయి. తొమ్మిదోది నీది. నిన్నటి నుంచి తిండి సహించడం లేదు. ఇరవై రెండేళ్లుగా నువ్వు నడుపుతున్న బడి. ఏం చెయ్యమంటావో రాయి.

నీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకి,

మోకాలు ఉన్నచోటే ఉంది.

మా బడి విషయంలో నువ్వేమీ చెయ్యకు. నేను నీ చెల్లెల్నన్న సంగతి కూడా అక్కడ ఎత్తకు. పద్ధతి ప్రకారం ఏది జరిగితే అదే జరగనీ.

పిల్లలు ముప్పై ఒక్కరు, టీచర్లం ఇద్దరం. వానొస్తే ఒక గది కారుతుంది, అందరూ రెండో గదిలోకి వచ్చేస్తారు. నేను రెండో తరగతికి ఎక్కాలు చెప్తుంటే గత్యంతరం లేక అయిదో తరగతివాళ్లూ అవే వల్లిస్తారు. సాయంత్రానికి నా గొంతు పోతుంది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. నేను అలిగాననుకుని మీ బావ రెండు రోజులు గిన్నెలు తోమారు. కాదని చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను.

ఇంతకన్నా నేను రాయకూడదు. నీ పని నువ్వు చెయ్యి.

నీ చెల్లెలు


ప్రియమైన చెల్లికి,

ఏమీ చెయ్యకు అన్నావు. నీకు కావలసింది చిన్నప్పటి నుంచీ నువ్వు నోరు తెరిచి అడిగిందెప్పుడు? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గొంతు పోవడం, ఇంట్లో మాట్లాడకపోవడం, ఇదంతా బడి పోతుందన్న దిగులేనని అర్థం చేసుకోలేనా?

నిన్న తొమ్మిదో పేరు కొట్టేశాను.

మీ బడి మూసెయ్యమని పిల్లల తల్లిదండ్రులు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారట. ఇన్నేళ్ల చాకిరీకి ఇదా ఫలితం? ఒళ్లు మండిపోయింది. ఆ ఫైలు తెరవనే లేదు. నా నివేదికలన్నీ టైపు చేసే ఆవిడ, "కారణం ఏం రాయమంటారు సార్?" అని అడిగింది. "స్థానిక పరిస్థితులు" అన్నాను. ఆవిడ నావైపు అదోలా చూసి, "ఆ మాట ఎవరైనా రాస్తే మీరే తిట్టేవారు కదండీ!" అంది.

అది రాశాక ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. సాయంత్రం రాజీనామా ఇచ్చేశాను. నా పరువు పోతే పోయింది, నీ బడి నిలిచింది. చాలా అలసిపోయాను చెల్లీ. నువ్వైనా నిశ్చింతగా ఉండు.

నీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం అందిన రోజు తలుపేసుకుని ఏడ్చాను. సంతోషంతో కాదు. జవాబు రాయడానికి నెల పట్టింది.

నా కొంప ముంచావు అన్నయ్యా. ఆ అర్జీ రాసింది నేనే. ఫైలు తెరిచి ఉంటే మొదటి పేజీలోనే నా చేతిరాత గుర్తుపట్టేవాడివి. నీ పుస్తకం చంకలో పెట్టుకుని, ఈ మోకాలితోనే, మూడు నెలలు ఇరవై ఆరిళ్లకు తిరిగాను. బట్టలు కుట్టే ఒకావిడ మూడుసార్లు కాదంది. నాలుగోసారి, "మీ కుర్చీ మీరే తీసెయ్యమంటున్నారంటే ఏదో మంచే ఉంటుందిలెండి టీచరమ్మా!" అని సంతకం పెట్టింది. పిల్లల్ని పెద్ద బడికి తీసుకెళ్లి చూపించాను. తరగతికో గది, గదికో టీచరు. మా నాలుగో తరగతి పిల్ల ఒకతి, "ఇక్కడ మన పాఠం మనకే చెప్తారా?" అని అడిగింది. చెప్తారన్నాను. నీకు ముందే చెప్తే, చెల్లెలి కోసం చేశాడంటారని నోరు కట్టేసుకున్నాను. నువ్వు చివరికి అదే చేశావు.

ముప్పయ్యేళ్లు నీ మాట ఎవరూ వినలేదని బాధపడతావే, నేను విన్నాను. ఒక్కదాన్ని విన్నాను. నువ్వు ఆ ఒక్క పేరే కొట్టేశావు.

పెద్ద బడిలో మావాళ్లకని ఉంచిన చోట్లు వేరే పేటవాళ్లకి ఇచ్చేశారు. ఇక వచ్చే ఏడాదేనట. మూతపడ్డ చుట్టుపక్కల బడుల పిల్లలూ చేరడంతో అక్కడ మనుషులు చాలక, నాతో ఉన్న టీచరును కూడా అక్కడికే బదిలీ చేశారు. ముప్పై ఒక్కమందికీ ఇప్పుడు నేనొక్కదాన్నే. నీ మీద కోపం పోలేదు. పోయేలా కూడా లేదు. నా కోసం చేశావని తెలుసు, అందుకే ఇంకా మండుతోంది.

రాజీనామా ఇచ్చావు కదా, ఖాళీయేగా. సోమవారం ఎనిమిదిన్నరకల్లా వచ్చెయ్. వదినకి నేను ఫోన్ చేశాను. మూడు, నాలుగు తరగతులు నీవి. భాగహారం దగ్గరున్నారు. ఒక రోజు చూసి పోవడం కాదు, ఏడాది చివరిదాకా ఉండాలి. ఆ బట్టలు కుట్టే ఆవిడ రోజూ గేటు దగ్గర ఆపి, "ఎప్పుడు పంపుతారు టీచరమ్మా?" అని అడుగుతోంది. ముందు ఆవిడకి జవాబు చెప్పి లోపలికి రా.

నీ చెల్లెలు