రెండో కుప్ప

మట్టి డాక్టరమ్మకు నీ ఇంటాయన ప్రేమతో రాసేది. ఇక్కడ నేనూ అక్కా బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నానని రాశావు గానీ, ఉత్తరం రెండో పేజీలో అక్షరాలు వంకరపోయాయి. ఏడుస్తూ రాశావని అర్థమైంది. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేశాను. నీ గొంతు వింటే చెప్పాల్సింది చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం కాస్త పట్టేస్తోంది. మన గది కిటికీ రెక్క బాగుచేయించాను. ఇప్పుడు గాలికి కొట్టుకోవడం లేదు. ఇన్నాళ్ళూ ఆ చప్పుడుని తిట్టుకున్నవాణ్ణే, అది ఆగిపోయాక గదిలో నేనొక్కణ్ణే ఉన్నానని మరీ తెలుస్తోంది. ఫ్రిజ్‌లో నువ్వు దాచిన బూజు సీసా భద్రంగానే ఉంది. "ముట్టుకోవద్దు" అని నువ్వంటించిన కాగితం ఊడిపోతే, మొన్న అక్క దాన్ని పులిసిన పెరుగనుకుని మూత తీసింది. వాసన చూసి గబుక్కున మూసేసి, "నీ పెళ్ళాం మనకి వండిపెట్టకపోతే పోయె, ఇవేం వంటలురా బాబూ!" అంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత అక్కే కొత్త కాగితం మీద "ఇది మా మరదలిది" అని రాసి అంటించింది.

మొక్కజొన్న కోత అయిపోయింది. కంకులు కళ్ళంలో ఎండుతున్నాయి. పక్కచేను బావ చూడ్డానికి వచ్చి, "ఏం బావా, మా చెల్లెలు ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. "వచ్చే నెలలో వచ్చేస్తుందిలే" అన్నాను. అన్నానే గానీ, అతని మొహం చూడలేక కంకులు తిరగేస్తూ ఉండిపోయాను.

నువ్వడిగిన ఆఖరి ప్రశ్నకి వస్తున్నాను. "రెండో విడత ఎరువు కుప్పలు రెండూ చేలో వేసేదాకా తడిగానే ఉన్నాయా? నిజం చెప్పండి, నేనెక్కడ తప్పు చేశానో తెలుసుకోవాలి" అని రాశావు. తప్పు నీది కాదు. నాది.

విత్తనాలు వేసేటప్పుడు అంతా నువ్వు చెప్పినట్టే చేశాను. మూడు మళ్ళలో ఒకదానికి ఉత్త విత్తనం, మిగతా రెంటికీ నువ్వు పంపిన బూజు పొడి పట్టించిన విత్తనం. పైరు నెల దాటాక నువ్వు పంపిన రెండో పొడిని చివికిన పశువుల ఎరువులో కలిపి రెండు కుప్పలు పోసి, షెడ్డు నీడలో తడి గోనెసంచులు కప్పాను. పదిరోజులకి సంచి ఎత్తి చూస్తే ఎరువు నిండా తెల్లగా, ఆకుపచ్చగా బూజు. "ఇది మంచి బూజు, కాండం కుళ్ళు తెచ్చే చెడ్డ బూజుని ఇది తినేస్తుంది" అని నువ్వు చెప్పింది గుర్తొచ్చి, పసిపిల్ల దుప్పటి సర్దినట్టు సర్ది మళ్ళీ కప్పాను. మొదటి కుప్ప ఒక మడిలో వేశాను. ఇంతలో వాన పట్టుకుంది. రెండోది ఆగిపోయింది.

వాన వెలిసిన రోజునే నీ ఉత్తరం వచ్చింది. "ఇది పనిచేస్తే ఇక్కడి పరిశోధనశాలవాళ్ళు యాభై చేలల్లో వేసి చూస్తారట. నన్నింకో రెండేళ్ళు ఉండమంటున్నారు" అని ఎంత సంబరంగా రాశావో. షెడ్డు గుమ్మంలో నిలబడే చదివాను. అప్పటికి నువ్వెళ్ళి ఏడాదిన్నర. మంచానికి నీ వైపు నేను ఒక్కసారి కూడా పడుకోలేదు. ఇంకో రెండేళ్ళంటే నా వల్ల కాదనిపించింది. లోపలికి వెళ్ళి గోనెసంచులు లాగేశాను. పార తీసుకుని కుప్పనంతా బయట రేకు మీద పల్చగా నెరిపాను. వాన తర్వాతి ఎండ, చురుక్కుమంటోంది. ఎండకి ఆ మంచి బూజు చచ్చిపోతుందని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో! మర్చిపోయి చేసింది కాదు. తెలిసే చేశాను. నాలుగో రోజుకి ఎరువు పిండిలా అయిపోయింది. దాన్నే తీసుకెళ్ళి మూడో మడిలో చల్లి, వేశానని నీకు రాశాను.

కంకులు గట్టిపడే వేళకి తెగులు వచ్చింది. ముందటేడు మన చేనంతా పడగొట్టిన తెగులే. అప్పుడు పంపు షెడ్డు పక్కన ఒక్క సాలు మాత్రం నిలబడితే, నువ్వు దాని వేళ్ళ దగ్గరి మట్టిని నా అన్నం డబ్బాలోకి తవ్వుకున్నావు. "మరి నాకు అన్నం?" అంటే, "ఈ ఒక్కరోజుకి ఇంటికొచ్చి తినండి" అన్నావు. అందులోని మంచి బూజుని పెంచడానికి ఆ డబ్బా పట్టుకునే అంత దూరం, ఆ పరిశోధనశాలకి వెళ్ళావు. నేను ఎండలో పోసి చంపింది ఆ మట్టి బిడ్డల్నే.

నువ్వు చెప్పినట్టు మడికి వంద మొక్కల చొప్పున కాండాలు నిలువునా చీల్చి చూశాను. ఉత్త విత్తనం మడిలో నలభై ఆరు కుళ్ళాయి. ఎండిన ఎరువు వేసిన మడిలో ముప్పై ఒకటి. తడి కుప్ప వేసిన మడిలో తొమ్మిది. అవును, తొమ్మిదే. చీల్చే కొద్దీ లోపల తెల్లగా, చెమ్మగా బెండు. చివరి పది కాండాలు ఒకటికి రెండుసార్లు చూశాను. నీకు రాసేటప్పుడు మాత్రం రెండు మళ్ళూ కలిపేసి, సగటున వందకి ఇరవై అని రాసి ఊరుకున్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

దాని ఫలితం నీ ఉత్తరంలో చదివాను. కుళ్ళు వందకి పదిలోపు రాలేదు కాబట్టి ఈ పని ఆపేద్దామని మీ పెద్దసారు అన్నారని, వచ్చే నెల ఇంటికి పంపేస్తారని, నువ్వు సామాను గదిలో తలుపేసుకుని ఏడ్చావని. నేను కోరుకున్నదే జరిగింది. నువ్వు వచ్చేస్తున్నావు. ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని తడి కుప్ప వేసిన మడి దగ్గరికి వెళ్ళి, కోసిన మోళ్ళ మధ్య కూలబడ్డాను. ఇలా ఓడిపోయి వచ్చిన నీ మొహం రోజూ ఎలా చూడను?

అక్కకి అంతా చెప్పాను. చేతిలోని చేట పక్కన పెట్టి, "అది అంత దూరంలో ఒక్కతే ఉండి కష్టపడుతోందిరా. నీకు బెంగ ఉంటే బెంగ అని రాయాలి గానీ ఇదేం పని?" అంది. అందుకే రాస్తున్నాను. నాకు నీ మీద బెంగగా ఉంది. చాలా బెంగగా ఉంది. ఆ మాట నువ్వెళ్ళిన కొత్తలోనే రాయాల్సింది.

ఈ కవరులో వేరే కాగితం పెట్టాను. మూడు మళ్ళ లెక్కలు విడివిడిగా, నేను చేసింది తేదీలతో సహా రాసి సంతకం పెట్టాను. పెద్దసారుకి చూపించు. మొహమాటపడకు. నన్ను ఏమన్నా అననీ. తొమ్మిది మాత్రం నీది. వాళ్ళు ఉండమంటే రెండేళ్ళూ ఉండు. వచ్చే పంటకి యాభై చేలల్లో మనదీ ఒకటని రాసుకోమను. ఈసారి నన్ను నమ్మలేకపోతే కుప్పల కాపలాకి అక్కని పెట్టు.

గింజలు ఒలిపించగానే నేను అక్కడికి బయల్దేరుతున్నాను. పదిరోజులు ఉంటాను. కోపం తగ్గకపోతే స్టేషనుకి రావద్దు. నీ గది ఎక్కడో నేనే అడిగి తెలుసుకుని వస్తాను. తలుపు మాత్రం తియ్యి.

ఇట్లు,
నీకు ద్రోహం చేసి, నువ్వే కావాలనుకుంటున్న
నీ ఇంటాయన